సువర్ణ చుట్టిన రెండో కాయిల్

జూలూరుపాడులో ఎరువుల దుకాణం పక్కన ఒక రేకుల షెడ్డుంది. అందులో సువర్ణ మోటార్ వైండింగ్ చేస్తుంది. బోరు మోటార్లు, కూలర్లు, మిక్సీలు, ఏది కాలిపోయినా అక్కడికే వస్తుంది. పని నేర్పింది భర్త బలరాం. అతనికి సత్తుపల్లి బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్ కొలువు దొరికాక షెడ్డు ఆమెదైంది. మొదట్లో సొంత తండా రైతులే "బలరాం ఎప్పుడొస్తడు?" అని అడిగి మోటారు వెనక్కి తీసుకుపోయేవాళ్లు. ఇప్పుడు బలరాం సెలవు మీద వచ్చి షెడ్డులో కూచున్నా, "సువర్ణ లేదా?" అని అడుగుతున్నారు.

పోయిన ఏడాది వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున, దూలయ్య బండి దిగి షెడ్డు ముందు నిలబడ్డాడు. వీపున మనిషంత పొడుగు నల్లసంచి.

"గిదేం మోటారన్నా, గింత పొడుగున్నది?" అంది సువర్ణ.

"మోటారు కాదు చెల్లె. బేస్ గిటార్."

దూలయ్యది అడివి అంచున కోయగూడెం. వారమంతా ఊళ్లకు ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్. ఆదివారమైతే పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా. ఆ గిటారు జపాన్‌లో తయారైంది. ఖమ్మంలో ఒక ముసలి వాయిద్యగాడి దగ్గర ముప్ఫై ఏళ్ల కింద పాతదిగానే కొన్నాడు. చిన్న యాంప్లిఫైయర్‌కు వైరు తగిలించి స్విచ్ వేశాడు. తీగ ముట్టకముందే షెడ్డంతా "గుంయ్" మని మోగింది.

"చూసినవా? ఇదీ కథ. ఎల్ఈడీ లైట్లు పెట్టిన ఫంక్షన్ హాల్లయితే ఇంకా ఘోరం."

"ఎవరికన్న చూపెట్టినవా?"

"ఇగో, తీగల కిందున్న గీ నల్ల డబ్బీ, పికప్, మార్చమనే అంటరు అందరు. ఒకాయన మార్చిండు గూడ. మోత పోయింది, దీని గొంతు గూడ పోయింది. మల్లా పాతదే పెట్టించుకున్న." తర్వాత అసలు సంగతి చెప్పాడు. వచ్చే ఆదివారం భద్రాచలంలో ఒక బడి హాల్లో వాళ్ల గూడెం పాటలు రికార్డు చేస్తారు. పాడేది అతని అక్క జంపక్క. వెనక డోలు, ఈ గిటారు. రికార్డు చేసే భవాని అనే అమ్మాయి ఫోన్‌లో మోత విని, ఇట్లయితే బేస్ లేకుండానే చేద్దామంది.

"మా అక్క పాట కింద ఇది ఉండాలె చెల్లె. నువ్వు కాయిల్ పనిదానివని వచ్చిన."

సువర్ణ అప్పటిదాకా గిటారు చేత్తో పట్టింది లేదు. అయినా తీగల కిందున్న ఆ నల్ల డబ్బీ విప్పి చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇంకేముంది, తనకు తెలిసిన సరుకే! అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్ల రాగి తీగ. కాకపోతే వెంట్రుక కంటే సన్నం.

మొదట లోపలి గూడంతా రాగి రేకు అతికించి ఎర్త్‌కు కలిపింది. చిటపటలు తగ్గాయి. కానీ అడుగునున్న గుంయ్ మోత కదల్లేదు. గిటారు చేతిలో పట్టుకుని ఎందుకో అటు తిరిగింది. మోత తగ్గింది. ఇటు తిరిగింది. పెరిగింది.

"అన్నా, మల్లొక్కసారి చూడు!" అంటూ షెడ్డు మధ్యలో గిర్రున తిరిగింది. బయట ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఒక కోణంలో నిలబడితే మోత దాదాపు మాయం.

"అంటే?"

"అంటే ఇది చెడిపోలే. మంచిగనే పనిచేస్తున్నది. తీగ కదిలితే పట్టుకుంటది, కరెంటు మోతను గూడ పట్టుకుంటది. కాయిల్‌కు ఏం తెలుసు, ఏది పాట, ఏది మోత అని?"

ఆ మాట అంటూనే ఆగిపోయింది. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి మోటారులో ఒక కాయిల్ తల్లకిందులుగా కలిపింది. ఒకదాని బలాన్ని ఒకటి కొట్టేసుకుని మోటారు తిరగనే లేదు. బలరాం నవ్వి నవ్వి చచ్చాడు. ఆ తప్పే ఇప్పుడు కావాలని చేస్తే? అయస్కాంతం లేకుండా ఇంకో కాయిల్ చుడితే, దానికి తీగల పాట వినపడదు, మోత ఒక్కటే వినపడుతుంది. దాన్ని ఉల్టా కలిపితే మోతను మోతే కొట్టేస్తుంది!

"గిటార్ ఇడిచిపో అన్నా. గురువారం రా," అంది.

అంత సన్నని తీగ షెడ్డులో లేదు. పాత పంపు ప్యానెల్లోని రిలే విప్పితే దొరికింది. మోటార్లలో వాడే ఫైబర్ షీటు కోసి పికప్ కొలతకు గూడు చేసింది. చేత్తో తిప్పే వైండింగ్ మిషన్‌కు బిగించి చుట్టడం మొదలుపెట్టింది. రెండు వేల చుట్ల దగ్గర తీగ పుటుక్కుమంది. మళ్లీ మొదలు. ఐదు వేల దగ్గర మళ్లీ తెగింది. మూడోసారి ఫ్యాన్ ఆపేసి, తలుపు దగ్గరేసి, ఊపిరి బిగబట్టి తిప్పింది. ఎవరో మిక్సీ తెచ్చి పిలిస్తే "రేపు రా!" అని లోపలి నుంచే కసిరింది. మీటరు పెట్టి చూస్తే పాత కాయిల్‌కూ దీనికీ లెక్క సరిపోయింది.

గురువారం దూలయ్య వచ్చేసరికి కొత్త కాయిల్ గిటారు లోపలి ఖాళీలో కూచుంది. చెక్కకు ఒక్క గాటు పెట్టలేదు. స్విచ్ వేసింది.

గుంయ్ మోత ముందుకంటే పెద్దగా వచ్చింది. దూలయ్య మొహం వాడిపోయింది.

సువర్ణ మాత్రం ఎగిరి గంతేసింది. "రెట్టింపైంది అన్నా! రెట్టింపైందంటే రెండూ సమానంగ పట్టుకుంటున్నయ్! కాయిల్ కొసలు అటుదిటు కలిపిన, గంతే!" టంకం కాచి రెండు కొసలూ మార్చింది.

నిశ్శబ్దం.

"కరెంటు పోయిందా?" అన్నాడు దూలయ్య.

"లైటు ఎలుగుతనే ఉంది. వాయించు."

లావు తీగ మీటాడు. రేకులు, డబ్బాలో స్క్రూలు, సువర్ణ పక్కటెముకలు అన్నీ కదిలాయి. దూలయ్య కళ్లు మూసుకుని విన్నాడు. "పై స్వరంల కొంచెం మొన తగ్గింది," అన్నాడు నిజాయితీగా. "తగ్గనీ. డోలు పక్కన గిదే మంచిగుంటది. గొంతు మాత్రం ఇదే! నా గిటార్ గొంతే!" అని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆదివారం సువర్ణ షెడ్డు మూసి భద్రాచలం వెళ్లింది. బడి హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టారు. భవాని హెడ్‌ఫోన్లు పెట్టుకుని, దూలయ్య వైపు చూసి, "బేస్ ఆన్ చేయండి," అంది.

"ఆన్‌లనే ఉన్నది."

భవాని నమ్మలేదు. లేచి వచ్చి వైరు లాగి చూసింది. దూలయ్య తీగ మీటగానే ఉలిక్కిపడి నవ్వేసింది. "ఎవరు చేశారిది?"

జంపక్క వేలు పెట్టి సువర్ణను చూపించింది. "గా పిల్ల. మోటార్లు చుట్టే పిల్ల."

తర్వాత డోలు మొదలైంది. కోయ మాటల్లో జంపక్క గొంతు లేచింది. దాని కింద బేస్ అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. పాట మధ్యలో ఆమె ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంటుంది. అక్కడ అందరూ ఆగుతారు. ఆ ఆగినచోట ఏ మోతా లేదు. ఆమె ఊపిరి ఒక్కటే వినిపించింది. ఇన్నేళ్లలో సువర్ణ బాగు చేసినవన్నీ మోగితేనే బాగైనట్టు. మోగకపోవడం కోసం ఇంత కష్టపడటం ఇదే మొదటిసారి.

సాయంత్రం బస్సెక్కుతూ బలరాంకు ఫోన్ చేసింది. "కాయిల్ ఉల్టా కలిపిన!" అని అరిచింది, బస్సంతా తిరిగి చూస్తున్నా పట్టించుకోకుండా.

"మల్లానా?" అన్నాడతను కంగారుగా.

ఆమె భద్రాచలం వంతెన దాటేదాకా ఆపకుండా చెబుతూనే ఉంది.

ఇప్పుడు ఈ సంగతి విని, మధిర చర్చిలో వాయించే రాజేష్ రెండు గిటార్లు తెచ్చి ఇచ్చిపోయాడు. వాటిలో ఒకదాంట్లో రెండు పికప్‌లున్నాయి. సువర్ణ దాన్ని బల్లమీద విప్పి పెట్టుకుని, ఏ కాయిల్ ఎటు చుట్టారో పెన్సిలుతో గీసుకుంటోంది. బోరు మోటారు తెచ్చిన రైతు పక్కన స్టూలు మీద కూచుని, తన వంతు కోసం చూస్తూ, "అదేంది సువర్ణా?" అని అడిగాడు.

"ఇటు రా పెద్దనాయనా, చూపెడత," అంది ఆమె, బల్ల దగ్గర చోటిస్తూ.