నసీర్ సాబ్ చాయ్ సర్వే

నసీర్ సాబ్‌కు చాయ్ పిచ్చి. మామూలు పిచ్చి కాదు, గడప కనబడితే చాలు గ్లాసు కోసం చెయ్యి చాస్తాడు. పశువుల దవాఖానలో ఉద్యోగం. ఆర్మూర్ చుట్టుపక్కల బర్రెలకు నోరూ గిట్టలూ పుండ్లుపడే గాలికుంటు సోకినప్పుడు, రోగం ఎక్కడుందో కనిపెట్టమని ఈ మహానుభావుణ్ణి పంపారు. తిప్పింది నా ఆటోలోనే. నా ఖర్మ.

రోగమున్న ఇంటి పాలు ఎవరూ పోసుకోరు. అందుకని జనం జబ్బు బర్రెల్ని దాచేస్తున్నారు. మరి వెతకాలి కదా? ఈయన కొట్టంవైపు తలైనా తిప్పడు.

"అమ్మా, జర చాయ్ పొయ్యిన్రి. పాలు మస్తుగ ఉండాలె!"

తాగడం, మూతి తుడుచుకోవడం, "మీ బర్రె మంచిగున్నది" అని తేల్చెయ్యడం. ఇదీ సర్వే! అంకాపూర్‌లో ఒకావిడ ఇచ్చిన చాయ్ పల్చగా ఉందని పేచీ పెట్టి మళ్లీ పెట్టించుకున్నాడు. సిగ్గుండాలి మనిషికి.

"సాబ్, రోగం గ్లాసుల ఉన్నదా?" అన్నాను ఒళ్లు మండి.

"చూస్తున్న కదా గజేందర్. జర ఆగు."

ఆర్మూర్‌లో భాగ్యవ్వ ఇంటికొచ్చాం. బీడీలు చుట్టుకుంటూ ఒక్క బర్రె మీద బతికే మనిషి. ఆమె నల్ల చాయ్ తెచ్చింది. "పాలు పిల్లి తాగింది సారూ," అంది.

ఒక్క గుక్క తాగి, వాడంతా వినేలా అరిచాడు. "థూ! గిదేం చాయ్? పొయ్యి యాడున్నది? నేనే పెట్టుకుంట!" అంటూ పెరట్లోకి దూరాడు. ఇరుగుపొరుగు గుమ్మాల్లో నిలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

వెనకే వెళ్లాను. మొక్కజొన్న చొప్ప చాటున బర్రె చొంగ కారుస్తూ, కుంటుతూ కనబడింది.

భాగ్యవ్వ ఆయన చేతులు పట్టుకుంది. "నా పేరు చెప్పకు కొడుకా. బర్రె మంచిగైనా నా పాలు ఎవ్వరు పోసుకోరు. రోగం నా ఇంట్లకెళ్లే వచ్చిందని తిడతరు."

"వాడ పేరే చెప్త అవ్వా. రేపు ఇల్లిల్లుకు సూదులేస్తం, నీ ఇల్లని ఎవ్వలకు తెల్వది. తగ్గేదాక బర్రెను ఇడవకు, పాలు అమ్మకు," అంటూ పటిక నీళ్లతో దాని నోరు కడిగాడు.

అప్పుడుగానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. రోగమొస్తే ముందు ఎండేది పాలు. ఆ సంగతి ఇంటివాళ్లు చెప్పకపోయినా చాయ్ చెబుతుంది.

మేం బయటికి రాగానే భాగ్యవ్వ వీధిలోకొచ్చి, అందరూ వినేలా అందుకుంది. "మల్ల రాకు, చాయ్ బిచ్చగాడా!"

నసీర్ సాబ్ మురిసిపోతూ ఆటో ఎక్కాడు. జేబులోంచి మాత్ర తీసి మింగాడు.

"ఏంది సాబ్ అది?"

"గ్యాస్ గోలి. చాయ్ ముట్టద్దని డాక్టర్ ఎప్పుడో చెప్పిండు. పోనియ్, ఇంకో గల్లీ ఉన్నది."