తొమ్మిది కొట్లలో వినిపించిన పోకడ

నాలుగేళ్ల కిందట, తమిళనాట ఆగస్టు నడుమ మొదలయ్యే ఆవణి నెల మొదటి సోమవారం నన్ను కోవిల్‌పట్టిలోని మా మరమగ్గాల షెడ్డు నుంచి ఆఫీసుకు మార్చి, వారపు మార్కెట్ నివేదిక రాసే పని అప్పగించారు. నా చదువు పదో తరగతి. లెక్కలు మాత్రం షెడ్డులో నూలు కండెలు ఎంచుతూ సొంతంగా నేర్చుకున్నవి. ఆ పని రెండేళ్లు చేసి, యాభై నాలుగో ఏట మానుకున్నాను.

విరుదునగర్ కొట్లు తిరిగే మా సేల్స్‌మన్ సెల్వం తాను విన్నది ఫోన్లో చెప్పేవాడు. ఏ రంగు లేస్తోందో, ఏ అంచు పడిపోతోందో నేను ఒక పేజీలో రాసేవాణ్ణి. అది చూసి ముదలాళి, అంటే మా యజమాని, ఏ మగ్గానికి ఏ పడుగు ఎక్కించాలో నిర్ణయించేవారు.

చిక్కంతా మాటల్లో ఉండేది. సెల్వం నోట ఒక రోజు ట్రెండ్, ఇంకో రోజు ఫ్యాషన్, మర్నాడు లేటెస్ట్. మూడింటికీ తేడా అడిగితే నవ్వేవాడు. అందుకని నోటు పుస్తకంలో మాటలకు మెట్లు కట్టుకున్నాను. ఒక కొట్లో అడిగితే ‘కనబడింది’. మూడు కొట్లయితే ‘ఆసక్తి’. అయిదు దాటితే ‘పోకడ’. అమ్మిన కొట్టే మళ్లీ పంపమంటే ‘గిరాకీ’. రెండు పండగలు నిలిస్తే ‘వాడుక’. మోజు, హవా, వేలంవెర్రి అన్నవి రాయకూడదని నియమం పెట్టుకున్నాను. వాటి వెనక ఎందరున్నారో ఎవరూ చెప్పలేరు.

మూడో వారం సోమవారం సెల్వం కేకలు పెడుతూ ఫోన్ చేశాడు. లావెండర్ చీరలు కావాలని తొమ్మిది కొట్లలో అడిగారట, మొత్తం 558. మా ఇళ్లలో దాన్ని వంకాయపువ్వు రంగు అంటాం. నా మెట్ల ప్రకారం ‘పోకడ’ అని రాశాను.

ముదలాళి వెంటనే తేల్చేశారు. ఇరవై నాలుగు మగ్గాల్లో పద్దెనిమిదింటి మీదున్న మెరూన్ పడుగు గురువారం మధ్యాహ్నం కోసి, కొత్త రంగు ఎక్కించాలి. సగంలో కోసిన పడుగు చాలావరకు వ్యర్థమే. కొత్త రంగు అమ్ముడుపోకపోతే మగ్గాలు ఆగుతాయి. నేతగాళ్లకు చీరకింతని కూలి. దీపావళికి అప్పటికి ఎనిమిది వారాలు.

బుధవారం సాయంత్రం ఆ 558ని తొమ్మిదితో భాగించి చూశాను. సరిగ్గా 62, శేషం లేదు. తొమ్మిదింట ఒకసారి అలా కుదరవచ్చు, అదొక్కటే ఆధారం కాదు. కానీ కొట్లవాళ్లు పది, ఇరవై, యాభై అని గుండ్రంగా అడుగుతారు. చివర ఎనిమిది ఎలా వచ్చింది? సెల్వం మొత్తమే రాసుకున్నాడు, విడివిడిగా లేదు. ముదలాళికి చెబితే, పోకడ అని రాసింది నువ్వే కదా అన్నారు. రేపు పన్నెండులోపు రుజువు తెస్తే వింటానన్నారు.

గురువారం ఎనిమిది గంటల బస్సెక్కాను. కొట్లు తెరిచేసరికి పది. ప్రతి కొట్లో మూడే ప్రశ్నలు: ఏ రోజు, ఏ వేళ, ఎన్ని చీరలు. మొదటి కొట్లో శనివారం, పదకొండు, అరవై రెండు. రెండో కొట్లో శనివారం, పదకొండుంపావు, అరవై రెండు. మూడో కొట్లో యజమాని కోసం అరగంట కూర్చోవలసి వచ్చింది. అక్కడా, నాలుగో కొట్లోనూ అరవై రెండే. అయిదో కొట్టు మెట్లెక్కుతుంటే షెడ్డు మేస్త్రీ రంగసామి మామ ఫోన్ చేశాడు. పదకొండూ నలభై.

“మాప్ళే, కత్తిరి చేతిలో ఉండాది. ముదలాళి పన్నెండు దాకా ఆగేటట్టు లే, ఇప్పుడే మొదులుపెట్టమంటాండాడు. ఏం జేసేది?”

“కొంచెం ఆపు మామా.”

“నేను ఆపితే పడుగుకు బదులు నా మీసం కోస్తాడప్పా!”

ఫోన్ పెట్టగానే గల్లా దగ్గరున్న అమ్మాయి నవ్వింది. “అన్నా, మీరూ మన బాసేనా? శనివారం వచ్చినోళ్లూ మనోళ్లే. నాగలాపురం పెండ్లి. ఆడోళ్లంతా ఒగే రంగు కట్టాలంట. నాకు తెలుగు రాదనుకొని, ‘ఈడ లే, పక్కంగట్లో అడుగుదాం, ఈ అంగడోని మొగం చూస్తే ఇచ్చేటట్టు లే’ అని నా ఎదరే అనిరి.”

“ఎంతమంది వచ్చిరి?”

“ముగ్గురు. ఈ వీదిలో తొమ్మిది అంగళ్లూ ఎక్కి దిగిరి. ఆ అవ్వ తెగిన చెప్పు చేత్తో పట్టుకొని వచ్చె, పాపం.”

పెళ్లివారు తమ ఫోన్ నంబరు రాసి ఇచ్చిపోయిన చీటీ గల్లాలో ఉంది. ముందు ముదలాళికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. మూడోసారి పన్నెండూ నాలుగుకు ఎత్తారు. అడిగింది 558 చీరలు కాదు, ఒకే ఇంటికి అరవై రెండు అని చెప్పాను. అప్పటికి రెండు మగ్గాల పడుగు కోసేశారు. ఆయన కోత ఆపించి, పెళ్లి ఎప్పుడని అడిగారు.

ఇరవై రోజులుంది. నూలు తెచ్చి అచ్చు అతకడానికి, అంటే కొత్త పోగులను పాతవాటి కొసలకు ముడివేయడానికి, నాలుగు రోజులు. మిగిలిన పదహారు రోజులు, రెండు మగ్గాలు, మగ్గానికి రోజుకు రెండు చీరలు: అరవై నాలుగు. పెళ్లివారు సరేనన్నారు. ఆ నాలుగు రోజులు ఇద్దరు నేతగాళ్లకు పని లేదు. ఆ తప్పు నాది. మిగతా పదహారు మగ్గాలు మెరూన్ మీదే దీపావళి దాకా ఆడాయి.

“రెండు కోసినంక చెప్తివి,” అన్నాడు రంగసామి మామ. “పద్దెనిమిదీ కోసింటే ఆ చీరలన్నీ నీకే కట్టిచ్చేవాణ్ణి.”

దొరికే సరుకును జనం ఒక కొట్లో అడిగి కొనుక్కుపోతారు. దొరకనిదాన్నే కొట్టుకొట్టులో అడుగుతారు. నేను కొట్లను ఎంచి మనుషులను ఎంచాననుకున్నాను. ఆ వారం నుంచి నివేదికలో ‘అడిగింది ఎవరు’ అని ఒక గడి పెట్టాను. అది నిండకుండా ఏ మాటనూ పై మెట్టుకు ఎక్కించలేదు.

పెళ్లికి పోగా మిగిలిన రెండు చీరలు ఆ అయిదో కొట్టుకే పంపాం. ఒకటి దీపావళికి అమ్ముడైంది. రెండోది పొంగలుకు కూడా అక్కడే ఉంది. నోటు పుస్తకంలో వంకాయపువ్వు రంగు పక్కన ‘పోకడ’ కొట్టేసి, ‘కనబడింది’ అని రాశాను.