రంగు కింద తుప్పు

పాత క్లచ్‌కు నల్లరంగు పూసి, కొత్తదని నాకు అంటగట్టారు. కారు ఏసీ కంప్రెసర్‌కు ముందుండే క్లచ్ అది. పొద్దున ఇంటి ముందే కారు కింద పడుకొని బిగించాను. ఏసీ వేయగానే కీచుమంది, పట్టలేదు. విప్పి గోటితో గీకితే రంగు కింద తుప్పు.

కోట ఊళ్లో నాకది అమ్మిన షాపుకే తీసుకుపోయాను. ఓనరు నవ్వాడు.

"ఇంట్లో బిగించుకుంటే గ్యారంటీ ఏందబ్బయ్యా? నువ్వేమన్నా మెకానిక్కా?"

"బిగించినోణ్ణి నేనే అన్నా. రంగు కొట్టినోడెవురు?"

క్లచ్ నా వైపు తోసి ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

నేను పని నేర్చుకున్నది పడవ ఇంజన్లు విప్పి. ఉప్పుగాలి తుప్పు నాకు కొత్తా? రేపు మధ్యాహ్నం షిఫ్టుకు ఏసీ లేకుండా వస్తే, కృష్ణపట్నం పోర్టు సిబ్బందిని తిప్పే డ్యూటీ నుంచి నా బండి తీసేస్తానన్నాడు కాంట్రాక్టరు.

ఇట్లా మోసపోయినవాళ్లు ఈ పోస్టు కింద రాయండి. ఓనరు గారూ, రేపు పొద్దున పదింటికల్లా కొత్త క్లచ్ ఇవ్వండి. లేదా ఆ రంగు ఎవరు కొట్టారో ఇక్కడే చెప్పండి.