ముత్తవ్వ కుడి భుజం

పోయిన వారం కళ్యాణదుర్గంలో ఒక ఆసుపత్రికి పోతే, కడుపుకు చిన్న ఆపరేషన్ చెయ్యాలని, దానికి ఇంటివాళ్లెవరైనా సంతకం పెట్టాలని చెప్పి నర్సమ్మ ఒక కాగితం నా ముందుకు తోసింది. "మీ తరఫున ఎవరొచ్చినారమ్మా?" అంటే, నన్ను దింపిన ఆటో అబ్బాయి దాకా అందరినీ తలుచుకుని, ఎవరూ రాలేదన్నాను.

మన కాలంలో ఆ సంతకానికి ఇంత కరువు లేదు. బెళుగుప్ప దగ్గర మా ఊళ్లో ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నా చాలేది కాదు, నేను పుట్టకముందే పోయిన ముత్తవ్వ కూడా ఒప్పుకోవాలి. దేవుని గూట్లో ఆమె పేరిట పసుపు పూసిన గుండ్రాయి ఉండేది. ఎవరికి జబ్బు చేసినా భుజాలనుకుని దాని రెండు పక్కలకూ చెరొక గన్నేరు పువ్వు తడిపి అంటించి, అందరం పనులు మాని ఎదురుగా కూర్చునేవాళ్లం. కుడిది రాలితే ఆసుపత్రి, ఎడమది రాలితే ఇంట్లో కషాయం. ముత్తవ్వకు చదువు లేకున్నా రోగం బాగా తెలిసేది: ఒట్టి జలుబుకు ఎడమ, ఒళ్లు కాలిపోతుంటే కుడి. బడిలో సైన్సు చెప్పే నాయన, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని మాతోపాటే కూర్చునేవాడు.

నాకు పదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో అమ్మకు కడుపునొప్పి వచ్చింది. పువ్వులు అంటించడం ఎప్పుడూ అమ్మ పనే. ఆరోజు ఆమె చాప మీద మెలికలు తిరుగుతుంటే మా జేజి, అంటే నాయనమ్మ, తన చేత్తో అంటించింది. ఒంటిగంట బస్సు తప్పితే మళ్లీ సాయంత్రమే. పన్నెండున్నరైనా పువ్వు కదల్లేదు.

"ఆయమ్మ చెప్పకుండా గడప దాటితే మనిషి దక్కదప్పా," అనింది జేజి.

"నేను చచ్చినాక చెప్తాదేమో అడుగత్తా," అనింది అమ్మ.

నాయన గడియారాన్ని చూశాడు, పువ్వును చూశాడు, లేవలేదు. గాలి లేదు, దీపం కూడా ఊపిరి బిగపట్టినట్టు నిలబడింది. అప్పుడు కుడి పువ్వు రాయిని వదిలింది. రాలిందనడానికి నాకు నోరు రాదు. జానెడు అవతల, ఎవరో తీసి పక్కన పెట్టినట్టు, రెక్క నలగకుండా ఉంది. బస్సు అందింది, అమ్మ బతికింది. ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడట.

ఏళ్ల తర్వాత, జేజి పోయాక, వంటింట్లో అమ్మ అసలు సంగతి చెప్పింది. జబ్బును బట్టి తనే, ఉండాల్సిన పువ్వును పసుపు ముద్దతో గట్టిగా, రాలాల్సినదాన్ని ఒట్టి నీళ్లతో అంటించేదట.

"ఆ పొద్దు మీ జేజి రెండింటికీ ముద్ద మెత్తింది, నేను చూస్తానే ఉండా. తీసింది నువ్వే కదే?"

నేను కాదన్నాను. నాయననూ అడిగిందట, కాదన్నాడట. ఇద్దరం కాసేపు ఉప్పు డబ్బా వైపు చూసి, వేరే మాటల్లో పడ్డాం.

నర్సమ్మ లోపలికెళ్లి అడిగొచ్చి, మీ సంతకం మీరే పెట్టుకోవచ్చునంది. మంచిదే, పువ్వు కోసం కాచుకుని ఎవరూ చావనక్కర్లేదు. ఒక మనిషికి కడుపు నొస్తే ఇల్లంతా ఎదురుగా కూర్చునే తీరికా ఇప్పుడు ఎవరికీ లేదు. సంతకం పెట్టాను. బల్ల మీద ప్లాస్టిక్ పూలున్నాయి, రాలే రకం కాదు. అయినా కాసేపు కుడివైపు పువ్వునే చూస్తూ కూర్చున్నాను.