మిషనక్క కుట్టిన బ్యానరు

వీధి చివర ఒంటిగది కుట్టుకొట్టు మిషనక్కది. ఆమెకు పని ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న పాత చొక్కాని ఎక్కడికక్కడ విప్పేసి, మళ్లీ కుట్టి, ఆయనకి తెలియకుండా తొడిగించింది. ఆయన కనిపెట్టలేకపోయిన రోజున తనకి పని వచ్చేసిందని తనే తేల్చుకుంది. ఆమె కుట్టింది చిరగాలేగానీ ఊడదని ఇప్పటికీ పేరు.

అలాంటి మనిషికి కూతురి చరిత్ర టీచరంటే కడుపుమంట పట్టుకుంది.

పిల్ల ఎనిమిదో క్లాసు. ఇంగ్లండులో ఆడవాళ్లు ఓటు కోసం చేసిన ఉద్యమం పాఠం మొదలైన దగ్గర్నుంచి ఇంట్లో లేస్తే టీచరు, కూర్చుంటే టీచరు. వాళ్లు జైల్లో తిండి మానేశారట, టీచర్ చెప్పింది. వాళ్లని చూసి జనం నవ్వేవాళ్లట, అదీ టీచరే చెప్పింది. చివరికి జడ కూడా టీచరులాగే ఓ పక్కకి వేసుకోవడం మొదలెట్టింది. ఇన్నేళ్లూ ఆ జడ అల్లిన చేతులు చూస్తూ ఊరుకున్నాయి. నోరు ఊరుకోలేదు.

"తిండి కూడా మీ టీచరే పెడుతుందా, నన్ను వండమంటావా?"

"పోమ్మా, నీకన్నీ ఎకసెక్కాలే."

పాఠం అయిపోయాక బడిలో ఏటా ఊరేగింపట. ఆ కాలపు ఆడవాళ్లలా బ్యానరు పట్టుకుని మైదానం చుట్టూ తిరగాలట. టీచరూ పిల్లలూ కలిసి కాగితంతో బ్యానరు చేస్తున్నారట.

"అప్పట్లో వాళ్లూ కాగితమే అంటించారా?"

"లేదమ్మా, గుడ్డమీద కుట్టుకున్నారట. టీచర్ చెప్పింది."

"మరి ఇంట్లో మిషను పెట్టుకుని నన్నొక్క మాట అడగొచ్చుగా?"

పిల్ల తెల్లబోయింది. "నీకు ఖాళీ ఎక్కడిదమ్మా?"

ఆ మాట సూదిలా దిగింది. నిజం కాబట్టి ఇంకాస్త లోతుగా దిగింది.

గిరాకీ బట్టలన్నీ పక్కకి నెట్టి మిషనక్క బ్యానరు మొదలెట్టింది. పిల్ల పుస్తకంలో బొమ్మకి మల్లే ఊదా గుడ్డ, ఆకుపచ్చ అంచు. తెల్లగుడ్డ కత్తిరించి 'మాకూ ఓటు కావాలి' అని అక్షరాలు కుట్టింది. గాలికి ముడత పడకుండా లోపల కాలర్లకి వేసే కాన్వాసు, వెనక లైనింగు, రెండు పక్కలా కర్రలు దూరే మడతలు.

బడికి పట్టుకెళ్తే టీచరు చేత్తో నిమిరి చూసింది. "అబ్బ, ఎంత బాగా కుట్టారండీ!" అంది. తీసిపారేసినా బాగుండేది, ఆ మెప్పుతో మంట రెట్టింపయింది.

"ఊరేగింపులో ముందు ఏ బ్యానరు నడవాలో పిల్లలే తేలుస్తారు," అంది టీచరు. చెప్పుల డబ్బాకి చీలిక పెట్టారు. పిల్లలు చీటీలు మడిచి వేశారు. గుమ్మం దగ్గర నిలబడి మిషనక్క గెలిచినవాళ్ల నవ్వొకటి ముందే సిద్ధం చేసుకుంది.

కాగితం గెలిచింది. ఒక్క ఓటు తేడా.

దారంతా ఆ ఒక్క ఓటే ఆమె కాళ్లకి అడ్డం పడింది. ఇక ఉండబట్టలేక, "నువ్వు దేనికేశావే?" అంది.

"చెప్పకూడదమ్మా."

"అమ్మకి కూడానా?"

"ఎవరికైనా అంతే. చెప్పేసేదానికి డబ్బా ఎందుకు?"

"ఇదీ మీ టీచరే చెప్పిందా?"

పిల్ల నవ్వలేదు. "ఇది నాకే అనిపించింది."

సాయంత్రం భోజనాల దగ్గర సంగతి విని పిల్ల తండ్రి కంచంలోంచి తలెత్తాడు. "ఇంతకీ దేనికేశావే? నాకు చెప్పు." పిల్ల మెతుకులు కెలుకుతోంది.

ఆ జవాబు కోసం చెవి కోసుకునేలా ఉంది మిషనక్క. అయినా, "దాన్ని అడక్కండి," అంది.

"ఏం, నువ్వు అడగలేదా?"

"అడిగాను. అడిగాకే చెబుతున్నా."

తను ఓటేసి వచ్చిన ప్రతిసారీ ఆయన ఇలాగే అడిగేవాడు, తను చెప్పేసేది. డబ్బా ఎందుకన్న ప్రశ్న తనకెప్పుడూ తట్టలేదు. ఈ పిల్లకి తట్టింది. తట్టేలా పాఠం చెప్పింది మాత్రం ఆ పక్కజడ మనిషే. మంట మళ్లీ రాజుకుంది.

కంచాలు తీశాక బ్యానరు ఒళ్లో వేసుకుని కూర్చుంది.

"నిజం చెప్పు. ఓటు సంగతి కాదు. ఇది మోయడానికి మరీ బరువా?"

పిల్ల ఓ కొస పట్టుకుని ఎత్తింది. "కొంచెం."

మిషనక్క చిన్నకత్తెర తీసుకుంది. "కాన్వాసు తీసేస్తా. వచ్చే ఏడాది ఆ కాగితం ఎలా ముందు నడుస్తుందో చూస్తా."

పిల్ల పక్కన చేరి, తెగిన దారప్పోగులు ఒక్కొక్కటే లాగడం మొదలెట్టింది.