పన్నెండు భాగాల వ్యాపారం

ఆ రోజుల్లో నాకు నా భవిష్యత్తు తప్ప మిగతా అందరి భవిష్యత్తూ స్పష్టంగా కనిపించేది. డిగ్రీ కాగానే నాతో చదివినవాళ్లంతా బీఈడీకి అప్లికేషన్లు పెట్టుకుంటుంటే, నేను మిర్యాలగూడ బస్టాండు దగ్గర ఒక బేకరీ పైన గది కిరాయికి తీసుకుని వీడియో గేముల షాపు పెట్టాను. (కింది నుంచి వచ్చే బన్నుల వాసన కిరాయిలో కలిసే ఉండేది.) బడి వదలగానే వచ్చే పిల్లలకు కార్ల రేసు, క్రికెట్ ఉంటే చాలు. నా ప్రాణం మాత్రం ఒక జపాను ఆట మీద ఉండేది. ఏళ్ల తరబడి భాగాలు భాగాలుగా వస్తున్న ఆట అది. ఒక కుర్రాడు కత్తి పట్టుకుని ఊళ్లు తిరుగుతూ, ఎదురైన రాక్షసులతో నాదొక దెబ్బ, నీదొక దెబ్బ అన్నట్టు వంతులవారీగా తలపడుతూ, చివరికి లోకాన్ని కాపాడతాడు. ఒక్కో భాగం పూర్తి కావడానికి నెల పట్టేది. అరగంటకింత అని డబ్బులు తీసుకునే షాపులో నెల పట్టే ఆట ఎవరాడతారు? నేనే ఆడేవాణ్ని. రాబోయే పన్నెండో భాగంలో ఈ వంతుల పద్ధతి తీసేస్తున్నారని ఇంటర్నెట్ సెంటర్లో చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. అలా చేస్తే ఆ కంపెనీ మునిగిపోతుందని నా దిగులు. జపాను వాళ్లు మాత్రం హాయిగా నిద్రపోతూనే ఉండి ఉంటారు.

ఆ సమయంలోనే సూర్యాపేటలో ఉండే మా మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. పిల్లది కోదాడ దగ్గర ఊరు, టీచర్ ట్రైనింగ్ చేసింది. ఆ అమ్మాయిని నేను అంతకుముందే ఒక పెళ్లి భోజనాల్లో చూశాను. అప్పడాలు వడ్డిస్తూ పంక్తిలో నన్నొక్కణ్నే మరిచిపోయి ముందుకు పోయింది. మళ్లీ గుర్తొచ్చి వెనక్కి వచ్చి రెండు వేసింది. ఆ రెండో అప్పడం దగ్గరే నేను పడిపోయాను. ఈ సంబంధం తప్పిపోతే ఇక నాకు పెళ్లే వద్దని మనసులో అనేసుకున్నాను కూడా. ఇది తెలియని మామ, పెళ్లిచూపులకు పోతూ బస్సులో నాకు ఒకటే చెప్పాడు. "అల్లుడా, అడిగినదానికి జవాబు చెప్పు. ఎక్కువ మాట్లాడకు, ఖరాబైతది."

పిల్ల తండ్రి సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే రైతు. మంచినీళ్లిచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, నెమ్మదిగా అడిగాడు. "మీ యాపారం ముందుముందు ఎట్టా ఉంటది బాబూ?"

నా షాపు గురించి అడిగాడని ఎవరికైనా అర్థమవుతుంది. నా బుర్రలో ఉన్నది జపాను గనక, "ఏం ఢోకా లేదండీ. ఇప్పటికి పదకొండు భాగాలైనయి. పన్నెండోది వస్తున్నది" అన్నాను.

"పన్నెండు భాగాలా?" ఆయన కండువా సర్దుకున్నాడు. భాగమంటే ఆయనకు తెలిసింది ఒక్కటే, అన్నదమ్ములు పంచుకునేది. "అందరూ కలిసే ఉన్నారా?"

"లేదండీ, దేని కథ దానిదే. ఒకదానితో ఒకదానికి సంబంధమే ఉండదు."

"అయ్యో" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. "మరి నీ భాగం?"

"అన్ని భాగాలూ నేనే ఖతం చేసినండీ. ఏడోదైతే రెండుసార్లు."

మామ నా తొడ మీద గిల్లాడు. లోపలి గదిలో ఎవరో నోరు నొక్కుకుని నవ్వారు. పిల్ల తండ్రి మాత్రం నవ్వలేదు. పన్నెండు మంది ఆస్తి తగలేసిన వాణ్ని చూసినట్టు చూసి, కబురు చేస్తామన్నాడు. తిరుగు బస్సులో మామ సూర్యాపేట దాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం, "ఏడోదాన్ని రెండుసార్లు ఎందుకు ఖతం చేసినవ్ రా?" అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు మధ్యాహ్నం పూట పిల్ల తండ్రి బేకరీ మెట్లెక్కి షాపులోకి వచ్చాడు. "భాగమంటే పొలం కాదంట, ఆటంట. మా అమ్మాయి చెప్పింది. ఏందో చూద్దామని వచ్చా" అని కుర్చీలో కూర్చున్నాడు. పదో భాగం పెట్టాను. తెర మీద కుర్రాడు, రాక్షసుడు ఎదురెదురుగా నిలబడ్డారు.

"వాడు కొట్టడేం?"

"ఇప్పుడు మీ వంతండీ. మీరు నొక్కిందాక వాడు కొట్టడు."

"నేను నొక్కకపోతే?"

"పొద్దుమూకిందాక గట్లనే ఉంటడు."

ఆయన ముఖం విప్పారింది. "మా కాలవ కింద దాయాదే ఆగడయ్యా, తెల్లారేసరికి తూము ఎత్తేస్తాడు. ఈ రాక్షసుడు ఎంత మర్యాదస్తుడు" అని బటన్ నొక్కాడు. ఇక లేవలేదు. బడి వదిలి వచ్చిన పిల్లలు తలుపు దగ్గర కాసేపు గునిసి, వీధి చివర ఉన్న ఇంకో షాపుకు పోయారు. ఆయన అది కూడా గమనించాడు.

లేచేటప్పుడు, "ఆట మంచిదే, యాపారం కాదు" అన్నాడు. "కాలవ జపాన్లో, గేటు వాళ్ల చేతిలో, నీ మడి ఇక్కడ. వాళ్లు నీళ్లు ఆపితే ఏం చేస్తావ్? సొంత బోరొకటి ఏసుకుని రా. వంతుకు ఆగడం తెలిసినోడివి, మా పిల్ల కూడా ఆగుతానంటంది."

చివరి మాట అర్థమయ్యాక నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆరు నెలల్లో సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకున్నాను. ఒక టీవీ అమ్మేసి, ఆ మూల ఒక బల్ల వేసుకున్నాను. పెళ్లయింది. పన్నెండో భాగం కూడా వచ్చింది, వంతులు లేకుండానే. కంపెనీ మునగలేదు సరికదా, ఇంకా పెద్దదైంది. మునిగింది నా గేముల షాపే. పిల్లనిచ్చిన మామగారు ఆ కొత్త భాగం కొంచెం ఆడి, "అందరూ ఒక్కసారే తూము మీద పడ్డట్టుంది" అని రిమోట్ కింద పెట్టేశారు.

మొన్న ఇంకో భాగం వస్తుందని ఫోన్లో చదివి, భోజనానికి కూర్చుంటూ, "ఈసారి మాత్రం వాళ్లు నిలబడరు" అన్నాను, అలవాటుగా. పొయ్యి దగ్గరున్న మా ఆవిడ తల తిప్పలేదు. "మీరే నిలబడ్డారు, వాళ్లు నిలబడరా?" అంటూ వచ్చి నా కంచంలో ఒక అప్పడం వేసింది. వెళ్లబోతూ ఆగి, వెనక్కి వచ్చి, ఇంకోటి వేసింది.