నాన్న తువ్వాలు చాటు నవ్వు

మా చిన్నప్పుడు... సాయంత్రం అరుగు మీద కూర్చుని నాన్న నవ్వాడంటే, భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం వచ్చేది. నవ్వడమంటే అంతే కాబోలు అనుకుని నేనూ ఓ తువ్వాలు వేసుకుని అద్దం ముందు అలాగే నవ్వేదాన్ని...

నాన్నకి కింది దవడ ముందుకు ఉండేది. కింది పళ్ళు పైపళ్ళని దాటి వచ్చేవి. జామకాయ కొరకలేక అమ్మ చేత కత్తిపీట మీద ముక్కలు కోయించుకునేవాడు. దానికో వైద్యం ఉంటుందని ఇంట్లో ఎవరికీ తట్టనే లేదు. "మా వంశం పోలిక" అని నాన్నమ్మ గొప్పలు పోయేది కూడా!

నాన్న చనిపోయిన ఏడాదే ఇక్కడ అజ్మాన్‌లో నాకు కూతురు పుట్టింది, లాస్య. పాలపళ్ళు వచ్చాక చూస్తే... అచ్చం అదే దవడ. అమ్మ మురిసిపోయి, దాని గడ్డం పట్టుకుని "మీ తాతేనే నువ్వు" అని ముద్దులాడేది.

గల్ఫులో మనవాళ్ళ పద్ధతి మీకు తెలిసిందేగా... పంటినొప్పి, కళ్ళజోడు, అన్నీ మూటగట్టి ఊరెళ్ళినప్పుడే చూపించుకుంటాం. మేమూ లాస్య పళ్ళని సెలవులకే అట్టేపెట్టాం. ఇంతలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఆ తర్వాత దొరికిన సెలవు కాస్తా చుట్టాల పెళ్ళిళ్ళకే సరిపోయింది...

మాస్కులు తీసేయొచ్చన్నప్పుడు అందరం హమ్మయ్య అనుకున్నాం. లాస్య మాత్రం తియ్యనంది. స్కూల్లో ఎవరో దాని పళ్ళు చూసి వెక్కిరించారట. పుట్టినరోజు ఫోటోకి బలవంతంగా మాస్కు తీయిస్తే... చున్నీ కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. అది వాళ్ళ తాతని చూసి కూడా ఎరగదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ వారమే ఇక్కడి పళ్ళ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. ఊళ్ళో చూపిద్దామని ఆగామంటే అక్కడి డాక్టరమ్మ, మన హైదరాబాద్ ఆవిడే, నవ్వింది. "అందరు గిట్లనే అంటరమ్మా. మీ వెకేషన్ దాకా దవడ ఆగుతదా? ఎముక ఇంకా మెత్తగున్నది. ఇప్పుడైతే పైదవడను ముందుకు గుంజొచ్చు. పెద్దగైనంక ఆపరేషన్ దాకా పోవచ్చు."

పైపళ్ళకి లోపల ఓ ప్లేటు బిగించారు. నుదుటికీ గడ్డానికీ ఆనే చట్రం ఒకటి, దానికీ ప్లేటుకీ మధ్య రబ్బర్లు. స్కూలు నుంచి వచ్చింది మొదలు పొద్దున లేచేదాకా పెట్టుకోవాలి.

విజిట్ వీసా మీద మా దగ్గరే ఉన్న అమ్మ ఆ చట్రాన్ని చేతిలోకి తీసుకుని తడిమి చూసింది. తర్వాత మెల్లగా అంది. "ఆయన మొహం దీన్లోనే మిగిలిందే. అది కూడా తీయించేత్తావా?"

నాక్కూడా లాస్య గడ్డంలోనే నాన్న కనిపించేవాడు మరి... "నాన్న మొహం నాకూ కావాలమ్మా. ఆ తువ్వాలు మాత్రం దీనికొద్దు" అన్నాను. అమ్మ మొహం తిప్పుకుంది.

మొదట్లో లాస్య రోజూ ఏడ్చేది. "ఖలాస్ అమ్మమ్మా, ఇంక చాలు, తీసెయ్" అని అమ్మ ఒళ్ళో దూరేది. అమ్మ తీస్తుందేమో అని భయపడ్డాను. తీయలేదు. తాత కబుర్లు చెబుతూ, ఊడిన రబ్బరు తనే మళ్ళీ తగిలించేది. వీసా అయిపోయి వెళ్ళేదాకా రోజూ ఆ పని అమ్మదే.

ఏడాది తర్వాత, లాస్య పైపళ్ళు కింది పళ్ళ ముందుకి వచ్చాక, అమ్మ మళ్ళీ వస్తూ ఊరి జామకాయలు తెచ్చింది. అలవాటుగా చాకు కోసం వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి, లాస్య ముందుపళ్ళతో కాయని కసుక్కున కొరికి, నోరంతా తెరిచి నవ్వుతోంది. కళ్ళు రెండూ మూసుకుపోయాయి, అచ్చం నాన్న నవ్వినప్పుడు మూసుకుపోయినట్టే. ఇంకా ఎదిగే పిల్ల, మధ్యమధ్య చూపించుకుంటూ ఉండాలని డాక్టరమ్మ చెబుతూనే ఉంది... కానీ ఆ పూట అదేమీ గుర్తు రాలేదు.

అమ్మ చాకు పక్కన పెట్టి అలా చూస్తూ ఉండిపోయింది.

"మీ నాన్న తువ్వాలు లేకుండా నవ్వితే ఎలాగుంటాడో... ఇన్నాళ్ళకి చూశానే" అంది.

ఆ రోజుల్లో ఎవరో ఒకరు చెప్పి ఉంటే నాన్న కూడా ఇలా నవ్వేవాడేమో... మీ ఇంట్లోనూ నవ్వుకి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉండేవారా? ఉంటే వాళ్ళ గురించి ఇక్కడ రాయండి... చదువుకుంటాను.